అప్‌డేట్ తర్వాత నా మాడ్యూల్ కోడ్ కనిపించడం లేదు. అసలు సోర్స్ ఫైళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?

మర్రిగూడ_బిట్
మూడు వారాలుగా రాస్తున్న కెర్నెల్ మాడ్యూల్ (లినక్స్ కెర్నెల్‌లోకి విడిగా లోడ్ చేసే ముక్క) కోడ్ పొద్దున్నుంచి కనిపించడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది, సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ. ఉబుంటు 24.04, కెర్నెల్ 6.8 వరస. ఒక వీడియోలో చూసి కోడంతా /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో ఉండే లినక్స్-హెడర్స్ (మాడ్యూల్ కంపైల్‌కి కావలసిన కెర్నెల్ ఫైళ్లు) ఫోల్డర్ లోపలే "ఫ్లోరైడ్" అని ఇంకో ఫోల్డర్ చేసి పెట్టాను. కెర్నెల్ కోడ్ కెర్నెల్ దగ్గరే ఉండాలేమో అనుకున్నాను. నిన్న రాత్రి హాస్టల్‌లో అప్‌డేట్ పెట్టి, డిస్క్‌లో జాగా లేదని అక్కర్లేని పాత ప్యాకేజీలు తీసే ఆప్ట్ ఆటోరిమూవ్ కూడా కొట్టి పడుకున్నాను. పొద్దున రీస్టార్ట్ చేసి, /లిబ్/మాడ్యూల్స్ కింద బిల్డ్ అనే లింకు ఉంటుంది కదా, రోజూ దాంట్లోంచే లోపలికి పోతాను, అట్లనే పోతే మిగతావన్నీ ఉన్నాయి, నా ఫోల్డర్ ఒక్కటే లేదు. గిట్ (కోడ్ మార్పులన్నీ దాచే టూల్) వాడలేదు, పెన్‌డ్రైవ్‌లో కాపీ కూడా లేదు. తిరిగి దొరికే దారి ఉందా? లేదంటే ఈ రెండు రోజులు కూర్చుని మళ్లీ రాస్తాను, కానీ ఈసారి ఎక్కడ పెట్టాలో చెప్పండి. ఒక్కో చోట ఒక్కో మాట చెబుతున్నారు.

సూర్యాపేట_65
ఆటోరిమూవ్ కొట్టావంటే కష్టమే తమ్ముడూ. పాత హెడర్స్ ప్యాకేజీ తీసేస్తుంది, దాంతో పాటే ఫోల్డర్ పోయింటది. వెంటనే ల్యాప్‌టాప్ ఆపేసి, లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, డిలీట్ అయిన ఫైళ్లు తీసే టూల్ ఏదైనా ప్రయత్నించు.

దేవరకొండ_డెబ్
ఆగండి ఆగండి, రికవరీ దాకా పోవాల్సిన పని లేదు. తమ్ముడూ, టెర్మినల్ తెరిచి ఎల్ఎస్ /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ అని కొట్టి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు. బిల్డ్ లింకులోంచి వెళ్లకు, నేరుగా చూడు.

సూర్యాపేట_65
ప్యాకేజీయే తీసేశాక అక్కడ ఇంకేముంటది అన్నా?

దేవరకొండ_డెబ్
డీపీకేజీ (ఆప్ట్ వెనకాల ప్యాకేజీలు పెట్టి తీసే ప్రోగ్రామ్) తను పెట్టిన ఫైళ్లనే తీస్తుంది. ఏ ప్యాకేజీతో ఏ ఫైళ్లు వచ్చాయో దాని దగ్గర జాబితా ఉంటుంది, ఆ జాబితాలో లేనిది ముట్టుకోదు. ఫోల్డర్‌లో ఇంకేదైనా మిగిలి ఉంటే "ఖాళీగా లేదు కాబట్టి తీయడం లేదు" అని ఒక వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది. ఆటోరిమూవ్ నడిచినప్పుడు ఆ లైను వచ్చే ఉంటుంది, నిద్రమత్తులో ఎవరు చదువుతారు. పొద్దున ఇతను వెళ్లింది బిల్డ్ లింకులోంచి, ఆ లింకు ఇప్పుడు కొత్త కెర్నెల్ హెడర్స్‌ని చూపిస్తుంది. ఇతని ఫోల్డర్ ఉన్నది పాత నంబర్ హెడర్స్‌లో. ఇల్లు మారింది, సామాను పాత ఇంట్లోనే ఉంది.

మర్రిగూడ_బిట్
దొరికింది!!! పాత నంబర్ ఫోల్డర్ అట్లనే ఉంది, లోపల అన్నీ పోయి నా ఫ్లోరైడ్ ఫోల్డర్ ఒక్కటే మిగిలింది. సీ ఫైలు, మేక్‌ఫైల్, నా నోట్స్ అన్నీ ఉన్నాయి. డెబ్ అన్నా మీకు ఎట్ల థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దేవరకొండ_డెబ్
ఇప్పుడే, ఈ నిమిషంలోనే, హోమ్‌లోకి కాపీ చేసుకో. తర్వాత మాట్లాడుకుందాం.

సూర్యాపేట_65
నాకూ ఇది కొత్త విషయమే. 2022లో ఇట్లనే నా కోడ్ పోయిందని డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టాను. ఉండే ఉండేదన్నమాట. తమ్ముడిది దొరికింది, అదే సంతోషం.

గద్వాల_గ్రెప్
రెండో ప్రశ్నకి వస్తాను, అసలు విషయం అదే. మాడ్యూల్ సోర్స్ ఉండాల్సింది నీ హోమ్ డైరెక్టరీలో, నీ పేరు మీద, మామూలు యూజర్ పర్మిషన్లతో. హోమ్‌లో "పని" అనో "కోడ్" అనో ఫోల్డర్ పెట్టుకో, దాని కింద ప్రాజెక్ట్. అంతే. మాడ్యూల్ కెర్నెల్‌లో నడుస్తుంది కాబట్టి కోడ్ కూడా కెర్నెల్ పక్కనే ఉండాలనే భ్రమ చాలామందికి ఉంటుంది, నాకూ రెండేళ్లు ఉండేది. కంపైల్ చేసేటప్పుడు కెర్నెల్ బిల్డ్ సిస్టమ్‌కి రెండు విషయాలు తెలిస్తే చాలు. మొదటిది, కెర్నెల్ హెడర్స్ ఎక్కడున్నాయి. మేక్‌కి (కంపైల్ పని నడిపే కమాండ్) మైనస్ పెద్ద సీ పెట్టి /లిబ్/మాడ్యూల్స్/నడుస్తున్న కెర్నెల్ వెర్షన్/బిల్డ్ అని ఇచ్చేది దానికే, ఆ వెర్షన్ యూనేమ్ మైనస్ ఆర్ చెబుతుంది. రెండోది, నీ కోడ్ ఎక్కడుంది. ఎం ఈక్వల్స్ అని ఇచ్చేది అది. మేక్ ముందు హెడర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడి నియమాలన్నీ చదువుకుని, ఎం చూపించిన చోటికి తిరిగొచ్చి నీ ఫైళ్లు కంపైల్ చేస్తుంది. అంటే అది నీ దగ్గరికి వస్తుంది, నువ్వు దాని దగ్గరికి పోనక్కర్లేదు.

హెడర్స్ ఫోల్డర్ ప్యాకేజీ మేనేజర్ సొత్తు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొత్త నంబర్‌తో కొత్త ఫోల్డర్ వస్తుంది, పాతది తర్వాత ఎప్పుడో ఆటోరిమూవ్‌తో పోతుంది. అందులో మన కోడ్ పెట్టడమంటే ఒకరి కల్లంలో మన వడ్లు ఆరబోసుకున్నట్టే, వాళ్లు కల్లం ఊడ్చే రోజు మనకి చెప్పి ఊడ్వరు.

మర్రిగూడ_బిట్
అర్థమైంది అన్నా. మరి ఆ వీడియోలో ఆయన ఎందుకు /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ అన్నాడు? ఇంకా రెండు మూడు పాత బ్లాగుల్లో కూడా అదే ఉంది.

టెర్మినల్_తాత
అది పాత కాలపు అలవాటు బాబూ. ఒకప్పుడు /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ/లినక్స్ అని ఉండేది, సీ లైబ్రరీ వాడే లినక్స్ హెడర్లు దాంట్లోకే లింకై ఉండేవి. అందుకని అందరూ కెర్నెల్ కూడా అక్కడే విప్పి అక్కడే కంపైల్ చేసేవాళ్లు. నేను 2.4 కెర్నెల్ రోజుల్లో మహబూబ్‌నగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపినప్పుడు ఐదు మిషన్లలోనూ అట్లనే చేశాను. దాంతో వచ్చిన చిక్కు ఏంటంటే, కొత్త కెర్నెల్ విప్పితే లైబ్రరీకి కావలసిన హెడర్లు మారిపోయేవి. లైబ్రరీ ఏ హెడర్లతో తయారైందో అవే దానికి ఉండాలి, మనం తెచ్చిన కెర్నెల్‌తో అవి మారకూడదు. కెర్నెల్‌తో వచ్చే రీడ్‌మీలోనే రాసి ఉంటుంది, /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ/లినక్స్ వాడొద్దు, నీకు పర్మిషన్ ఉన్న చోట, హోమ్‌లాంటి చోట విప్పుకో అని. ఆ ఫైలు చదివేవాళ్లు తక్కువ.

మిల్లు_కాటా
నేను ఒప్పుకోను. అందరూ హోమ్ హోమ్ అంటున్నారు, నాకు తెలిసి నడిచే సిస్టమ్‌కి /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ యే కరెక్ట్. మిర్యాలగూడలో రైస్ మిల్లులకి కంప్యూటర్ పనులు చేస్తాను. ఒక మిల్లులో లారీ కాటా ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్ మీద పీసీకి వస్తుంది, కొత్త పీసీకి సీరియల్ పోర్ట్ లేదు కాబట్టి కార్డు వేశాం, దాని డ్రైవర్ సోర్స్ రూపంలో ఇచ్చారు. నేను కూడా మొదట నా హోమ్‌లో పెట్టి, మేక్ కొట్టి, మాడ్యూల్ లోడ్ చేసి ఇంటికొచ్చాను. యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో ఒక తెల్లారి ఫోన్, కాటా మీద లారీ ఉంది, స్క్రీన్ మీద బరువు లేదు, వెనకాల రోడ్డు దాకా లైను. చూస్తే రాత్రి కెర్నెల్ అప్‌డేట్ అయింది, కొత్త కెర్నెల్‌కి మాడ్యూల్ లేదు. నేను పోయేదాకా చేత్తో రాసుకున్నారు, హమాలీలంతా ఎండలో ఖాళీగా కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఎక్కడ డ్రైవర్ వేసినా డీకేఎంఎస్ లో పెడతాను. డీకేఎంఎస్ అడిగేది ఏంటి? సోర్స్ /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో, పేరు-వెర్షన్ ఫోల్డర్‌లో ఉండాలని. కొత్త కెర్నెల్ వస్తే అదే కంపైల్ చేసి పెడుతుంది. మరి హోమ్‌లో పెట్టుకో అంటే ఎట్లా?

గద్వాల_గ్రెప్
మీరు చెప్పింది తప్పు కాదు కాటా అన్నా, కానీ తమ్ముడి పని వేరు. మీరు తయారైన డ్రైవర్‌ని పెడుతున్నారు. ఇతను ఇంకా రాస్తున్నాడు, రోజుకి యాభై సార్లు మారుస్తాడు.

మిల్లు_కాటా
రాసినా పెట్టినా సోర్స్ సోర్సే కదా.

పాలమూరు_పింగ్
కాదన్నా. వంట ఇంట్లో చేస్తాం, పెళ్లి పందిట్లో వడ్డిస్తాం. పందిట్లో పొయ్యి పెట్టం కదా.

దేవరకొండ_డెబ్
పింగ్ చెప్పిందే. రాసే కాపీ హోమ్‌లో, గిట్‌లో. అది ఒక స్థాయికి వచ్చాక, 0.1 అని నంబర్ ఇచ్చి, ఆ రోజుటి కాపీని డీకేఎంఎస్‌కి ఇవ్వాలి. డీకేఎంఎస్ యాడ్ అని హోమ్‌లో ఉన్న ఫోల్డర్ దారి ఇస్తే, అందులో డీకేఎంఎస్ డాట్ కాన్ఫ్ ఫైలు ఉంటే చాలు, అదే /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లోకి కాపీ చేసుకుంటుంది. మళ్లీ మార్చావా, 0.2 చెయ్యి, పాతది రిమూవ్ చేసి కొత్తది యాడ్ చెయ్యి. కాటా అన్నకి ఇంకో మాట, కంపైల్ జరిగేది కూడా /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో కాదు, /వార్/లిబ్/డీకేఎంఎస్ లో. ఏదైనా ఫెయిల్ అయితే మేక్ డాట్ లాగ్ దొరికేది అక్కడే. /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో ఉన్నది చెక్కుచెదరని కాపీ మాత్రమే.

మిల్లు_కాటా
సరే, ఇది ఒప్పుకుంటాను. కంపైల్ వేరే చోట జరుగుతుందని గమనించలేదు.

సూర్యాపేట_65
నేనైతే ఒక చిట్కా వాడుతున్నా. హోమ్‌లో ఉన్న ఫోల్డర్‌కే /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో సిమ్‌లింక్ (అసలు ఫోల్డర్‌కి దారి చూపే లింకు) పెట్టేశా. ఒక్క చోటే కోడ్, డీకేఎంఎస్ కూడా అదే తీసుకుంటది. కాపీల గొడవే లేదు.

గద్వాల_గ్రెప్
65 అన్నా, అది తీసేయండి, నిజంగా చెబుతున్నాను. డీకేఎంఎస్ రూట్‌గా, అంటే మిషన్ మీద పూర్తి అధికారంతో, నడుస్తుంది. మీ హోమ్‌లో ఫైలు మార్చడానికి రూట్ అక్కర్లేదు, మీ యూజర్‌తో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా, బ్రౌజర్‌లోంచి దిగిన చెత్త స్క్రిప్ట్ అయినా, ఆ సీ ఫైల్లో ఒక లైను కలపగలదు. తర్వాతి కెర్నెల్ అప్‌డేట్ రోజు ఆ లైను కంపైల్ అయి నేరుగా కెర్నెల్‌లోకి పోతుంది. పాస్‌వర్డ్ అడగదు, ఎవరికీ తెలియదు. /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ లో రూట్ మాత్రమే రాయగలిగేలా కాపీ ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఫెడోరా_అక్క
ఇంకోటి కూడా ఉంది. సగం రాసి వదిలేసిన కోడ్ ఉన్న రోజే అప్‌డేట్ వస్తే డీకేఎంఎస్ ఆ సగం కోడే కంపైల్ చేయబోయి ఎర్రర్ కొడుతుంది. హోమ్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, బూట్ టైమ్‌లో డీకేఎంఎస్ వెతికేసరికి ఆ ఫోల్డర్ ఇంకా తెరుచుకునే ఉండదు.

సూర్యాపేట_65
సెక్యూరిటీ వైపు ఆలోచించలేదు. ఇవాళే తీసేస్తా.

మర్రిగూడ_బిట్
హోమ్‌లోకి మార్చాను, గిట్ ఇనిట్ కూడా చేశాను. కానీ సుడో (రూట్ అధికారంతో నడిపేది) పెట్టి మేక్ కొడితే వింత ఎర్రర్. నా ఫైలు పేరే ఎక్కడా లేదు, సిస్‌కాల్_32 అనే ఏదో టేబుల్ ఫైలు తయారు చేసే రూల్ లేదు అంటోంది. నేను ఆ ఫైలు ముట్టుకోనే లేదు. హెడర్స్ పాడయ్యాయా?

పాలమూరు_పింగ్
సుడో ఎందుకు?

మర్రిగూడ_బిట్
ఇంతకు ముందు హెడర్స్ ఫోల్డర్‌లో ఉండేది కదా, సుడో లేకపోతే రాయనిచ్చేది కాదు. అట్ల అలవాటైంది.

గద్వాల_గ్రెప్
హెడర్స్ బాగానే ఉన్నాయి. నీ మేక్‌ఫైల్లో ఎం ఈక్వల్స్ తర్వాత పీడబ్ల్యూడీ అని ఉంటుంది చూడు. అది షెల్ ఇచ్చే వేరియబుల్. సుడో పెట్టినప్పుడు షెల్ వేరియబుల్స్ చాలావరకు తుడిచేస్తుంది, పీడబ్ల్యూడీ ఖాళీ అవుతుంది, ఎం కూడా ఖాళీ. ఎం ఖాళీగా ఉంటే మేక్‌కి నీ మాడ్యూల్ సంగతే తెలియదు, కెర్నెల్ మొత్తాన్ని కంపైల్ చేయమన్నావని అనుకుంటుంది. హెడర్స్ ఫోల్డర్‌లో పూర్తి సోర్స్ ఉండదు కదా, అందుకే ఆ సిస్‌కాల్ ఫైలు దగ్గర ఆగిపోతుంది. పీడబ్ల్యూడీ తీసి కర్‌డిర్ అని పెట్టు, అది మేక్ సొంతంగా ఇచ్చేది, సుడో దాన్ని తుడవలేదు. అసలు మందు మాత్రం సుడో మానేయడం. కంపైల్‌కి రూట్ అక్కర్లేదు. మాడ్యూల్ లోడ్ చేసే ఇన్స్‌మాడ్‌కి, తీసే ఆర్ఎంమాడ్‌కి, సిస్టమ్‌లో పెట్టే మాడ్యూల్స్_ఇన్‌స్టాల్‌కి మాత్రం కావాలి.

ఫెడోరా_అక్క
ఇప్పటికే సుడోతో ఒకసారి కంపైల్ చేసి ఉంటే డాట్ ఓ ఫైళ్లు (కంపైల్ మధ్యలో వచ్చేవి), చుక్కతో మొదలయ్యే సీఎండీ ఫైళ్లు రూట్ పేరు మీద ఉంటాయి. మామూలు యూజర్‌గా మేక్ కొడితే పర్మిషన్ లేదంటుంది. చౌన్ ఒకసారి కొట్టి ఫోల్డర్ మొత్తం నీ పేరు మీదకి తెచ్చుకో. మాది ఫెడోరా కాబట్టి హెడర్స్ /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ/కెర్నెల్స్ కింద ఉంటాయి, ప్యాకేజీ పేరు కెర్నెల్-డెవెల్. కానీ బిల్డ్ లింకు దారి దాదాపు ఏ డిస్ట్రోలో (లినక్స్ రకంలో) అయినా ఒకటే, అందుకే మేక్‌ఫైల్లో ఎప్పుడూ ఆ లింకే ఇవ్వాలి, /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ దారి నేరుగా రాయకూడదు.

మర్రిగూడ_బిట్
సుడో లేకుండా ఒక్క దెబ్బకి కంపైల్ అయింది అక్కా. కేఓ ఫైలు, అంటే తయారైన మాడ్యూల్, వచ్చింది.

కల్వకుర్తి_కోడ్
నేను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతాను, కాలేజీ ల్యాబ్‌లో ఒక మిషన్, రూంలో ఒకటి. అది తప్పా?

పాలమూరు_పింగ్
పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్?

కల్వకుర్తి_కోడ్
ఫ్యాట్32. విండోస్‌లో కూడా తెరుచుకోవాలి కదా.

పాలమూరు_పింగ్
అది కాపీ పట్టుకుపోవడానికి సరే, దాని మీదే కంపైల్ చేయకు. ఫ్యాట్‌లో ఫైలు మార్చిన టైమ్ రెండు సెకన్ల లెక్కలోనే రాసుకుంటుంది. సేవ్ చేసి వెంటనే మేక్ కొడితే, ఏదీ మారలేదు అనుకుని పాత డాట్ ఓ ఫైలే వాడే అవకాశం ఉంది. నువ్వేమో బగ్ సరిచేశాను, అయినా పోవట్లేదేంటి అని తల పట్టుకుంటావు. సిమ్‌లింకులు కూడా ఉండవు. ఇంక పూర్తి కెర్నెల్ సోర్స్ అక్కడ విప్పితే అసలు పనికిరాదు, నెట్‌ఫిల్టర్ ఫోల్డర్‌లో ఎక్స్‌టీ_టీసీపీఎంఎస్ఎస్ అనే సీ ఫైలు రెండు సార్లు ఉంటుంది, ఒకటి పెద్ద అక్షరాలతో, ఇంకోటి చిన్న అక్షరాలతో. రెండూ వేరు వేరు ఫైళ్లు. ఫ్యాట్‌కి, మామూలు విండోస్ ఫోల్డర్‌కి ఆ తేడా తెలియదు, ఒకదాని మీద ఇంకోటి రాసేస్తుంది.

కల్వకుర్తి_కోడ్
ఓహ్. రెండు నెలల క్రితం సరిగ్గా ఇదే, సేవ్ చేసినా మారకపోవడం. ఆ రోజు రాత్రంతా "ప్రింట్‌కే" (కెర్నెల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) లైన్లు కలుపుతూ కూర్చున్నాను. అవి కూడా రాకపోతే కెర్నెల్ లాగ్ పాడైందనుకున్నాను.

ఫెడోరా_అక్క
ఫోల్డర్ పేర్లలో స్పేస్ పెట్టకండి, అది కూడా గుర్తుంచుకోండి. "ఫ్లోరైడ్ ప్రాజెక్ట్ ఫైనల్" అని ఫోల్డర్ ఉంటే మేక్ దాన్ని మూడు ముక్కలుగా చదువుతుంది. కోలన్ గుర్తు కూడా వద్దు. చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్, చాలు. /టెంప్ లో కూడా పెట్టకండి, చాలా మిషన్లలో రీస్టార్ట్ అయితే ఖాళీ అవుతుంది.

బోరు_బావి
నా అనుభవం కూడా రాస్తాను, తమ్ముడు తర్వాత "రాస్‌బెర్రీ పై" అనే చిన్న కంప్యూటర్ మీదకి పోయేటట్టున్నాడు కాబట్టి. జడ్చర్ల దగ్గర మాకు నాలుగెకరాల తోట ఉంది, బోరు మోటర్ నడుస్తుందా లేదా, నీళ్లు ఎంత పోస్తోంది చూడడానికి పై 4 పెట్టాను, ఫ్లో సెన్సర్ పల్సులు లెక్కపెట్టడానికి చిన్న మాడ్యూల్ రాశాను. కోడ్ పై మీదే పెట్టి అక్కడే కంపైల్ చేసేవాడిని. తోటలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పై 4కి సొంత గడియారం లేదు, ఇంటర్నెట్ దొరికేదాకా పాత టైమ్‌లోనే ఉంటుంది. తోటలో సిగ్నల్ అంతంత మాత్రం. ఇక మేక్ కొడితే ఫైలు టైమ్ భవిష్యత్తులో ఉంది, క్లాక్ స్క్యూ అని వార్నింగ్, ఒక్కోసారి మార్చిన ఫైలు కంపైలే కాదు. అది తెలియక వారం పోయింది. దానికి తోడు ఒకసారి కంపైల్ మధ్యలో కరెంటు పోయి మెమరీ కార్డు పాడైంది, కోడ్ దాంతోనే పోయింది, మళ్లీ మొదటి నుంచి రాశాను. ఇప్పుడు కోడ్ ల్యాప్‌టాప్‌లో, గిట్‌లో. అక్కడే పై కోసం క్రాస్ కంపైల్ చేసి కేఓ ఫైలు ఒక్కటే ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీద కాపీ చేసే కమాండ్) పంపుతాను. తోటలో ఉన్న మిషన్ మీద సోర్స్ అసలు ఉండదు.

దేవరకొండ_డెబ్
ఇది విలువైన మాట. పని చేసే చోట, అది నడిచే చోట ఒకటే కానక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, పై మీద నడుస్తున్న కెర్నెల్ వెర్షన్, ల్యాప్‌టాప్‌లో కంపైల్‌కి వాడే కెర్నెల్ సోర్స్, కాన్ఫిగ్ రెండూ అచ్చంగా కలవాలి. కలవకపోతే ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అని తిప్పి పంపుతుంది.

బోరు_బావి
అవును, అందుకే పై మీద కెర్నెల్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టాను. నేను చెప్పేదాకా అప్‌డేట్ కాదు.

నాగర్‌కర్నూల్_ఎన్
నేను వేరే దారి చెబుతాను. నేర్చుకునేవాడు బయట మాడ్యూల్‌గా కాకుండా పూర్తి కెర్నెల్ సోర్స్ దించుకుని, డ్రైవర్స్/మిస్క్ లోపల తన ఫోల్డర్ పెట్టి, కేకాన్ఫిగ్‌లో (కెర్నెల్ ఆప్షన్ల జాబితా) ఒక ఎంట్రీ, మేక్‌ఫైల్లో ఒక లైను కలిపి కంపైల్ చేయాలి. అప్పుడే అసలు కెర్నెల్ ఎట్లా పని చేస్తుందో తెలుస్తుంది. రేపు ఆ డ్రైవర్‌ని మెయిన్‌లైన్‌కి, అంటే అసలు కెర్నెల్‌లోకి, పంపాలంటే కూడా కెర్నెల్ సోర్స్ లోపలే ఉండాలి.

పాలమూరు_పింగ్
సోమవారం రివ్యూ ఉన్నవాడికి చెప్పే మాట కాదిది. హాస్టల్ నెట్‌లో సోర్స్ దించుకుని, ఉబుంటు కాన్ఫిగ్‌తో మొత్తం కెర్నెల్ కంపైల్ పెడితే 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ తెల్లారేదాకా తిరుగుతుంది.

నాగర్‌కర్నూల్_ఎన్
లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడితే అంత పట్టదు, ఆ మిషన్‌లో అప్పటికి లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ మాత్రమే కాన్ఫిగ్‌లో ఉంచుతుంది. ఇంకా, నేను సోమవారానికి చేయమనలేదు. రివ్యూ అయ్యాక చేయమంటున్నాను. మన వైపు పిల్లలు బయట మాడ్యూల్ దగ్గరే ఆగిపోతున్నారు, అది నా బాధ. ఆ పూర్తి సోర్స్ కూడా హోమ్‌లోనే విప్పాలి, ఆ విషయంలో మీ అందరితో ఏకీభవిస్తాను. మేక్‌కి పెద్ద "ఓ ఈక్వల్స్" పెట్టి కంపైల్ ఫలితాలు వేరే ఫోల్డర్‌లోకి పంపుకుంటే సోర్స్ శుభ్రంగా ఉంటుంది. ఒకసారి సోర్స్ లోపలే కంపైల్ చేసి తర్వాత "ఓ ఈక్వల్స్" పెడితే ఒప్పుకోదు, ముందు ఎంఆర్‌ప్రాపర్ (పాత ఫలితాలన్నీ తుడిచేది) కొట్టమంటుంది.

గద్వాల_గ్రెప్
రివ్యూ అయ్యాక అంటే నేనూ ఒప్పుకుంటాను ఎన్ సార్. బయట మాడ్యూల్‌కి కూడా అట్లాంటి సౌకర్యం ఈ మధ్య వచ్చింది, 6.13 కెర్నెల్ నుంచి ఎంఓ ఈక్వల్స్ అని ఇస్తే డాట్ ఓ ఫైళ్లు, కేఓ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పడతాయి. తమ్ముడిది 6.8 కాబట్టి అది లేదు, సోర్స్ పక్కనే పడతాయి. గిట్ వాటిని పట్టించుకోకుండా గిట్ఇగ్నోర్‌లో ఓ, కేఓ, మాడ్, మాడ్ డాట్ సీ, సీఎండీ, మాడ్యూల్ డాట్ సిమ్‌వెర్స్, మాడ్యూల్స్ డాట్ ఆర్డర్ రాసుకుంటే చాలు.

టెర్మినల్_తాత
బాబూ, అసలు నీ ప్రాజెక్ట్ ఏంటో చెప్పలేదు. ఫ్లోరైడ్ అన్నావు.

మర్రిగూడ_బిట్
మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే పరికరం సార్. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే వోల్టేజీ ఏడీసీ చిప్ (వోల్టేజీని అంకెగా మార్చేది) ద్వారా రాస్‌బెర్రీ పై లోకి వస్తుంది, చిప్ ఎంసీపీ3008. మాడ్యూల్ ఆ విలువ చదివి /దేవ్ కింద ఒక డివైస్ ఫైల్లో ఇస్తుంది. పై ఇంకా రాలేదు, ఇప్పటికి ల్యాప్‌టాప్ మీద డమ్మీ విలువలతో నడిపిస్తున్నాను. మా తాతయ్యకి నడుము వంగిపోయి, మోకాళ్లు వంకర్లు తిరిగి ఉంటాయి, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాడు. ఇప్పుడు మాకు నల్లా నీళ్లు వస్తున్నాయి, కానీ పొలం దగ్గర ఇంకా బోరు నీళ్లే తాగేవాళ్లున్నారు. ఒక లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎర్ర లైటు వెలగాలి, అదీ నా ప్లాన్.

నాగర్‌కర్నూల్_ఎన్
మంచి పని బాబూ. ఒక మాట, ఎంసీపీ3008కి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది, ఐఐఓ (కెర్నెల్‌లో సెన్సర్ల విభాగం) కింద ఎంసీపీ320ఎక్స్ అని. పై మీద దాన్ని ఎనేబుల్ చేస్తే విలువ ఒక ఫైల్లోంచి చదువుకోవచ్చు. నువ్వు సొంత మాడ్యూల్ రాయాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

మర్రిగూడ_బిట్
గైడ్ సార్ సొంత మాడ్యూల్ రాయాలన్నారు సార్, మార్కులు దానికే.

ఫెడోరా_అక్క
మార్కుల కోసం నీ మాడ్యూల్ రాయి, ఊళ్లో పెట్టే పరికరానికి కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్ వాడు. రెండిటి విలువలు పోల్చి రివ్యూలో చూపిస్తే ఇంకా బాగుంటుంది. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్‌కి సోర్స్ ఎక్కడ పెట్టాలనే బాధే ఉండదు, ప్రతి అప్‌డేట్‌తో అదే వస్తుంది.

టెర్మినల్_తాత
ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని, నీరీ (పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టింది. మన పేరు అట్లా ప్రపంచానికి తెలిసినందుకు నాకు ఎప్పుడూ గుండె బరువెక్కుతుంది. నువ్వు చేసేది జాగ్రత్తగా చెయ్యి బాబూ, కోడ్ మళ్లీ పోగొట్టుకోవద్దు.

మర్రిగూడ_బిట్
పోగొట్టుకోను సార్. ఇప్పుడు ఇంకో చిక్కు, ఇన్స్‌మాడ్ కొడితే కీ రిజెక్ట్ అయింది అంటోంది. ఇంతకు ముందు లోడ్ అయ్యేది.

దేవరకొండ_డెబ్
సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని మాడ్యూల్‌ని లోడ్ కానివ్వని సెట్టింగ్) ఆన్ అయి ఉంది. బయోస్‌లో ఏమైనా మార్చావా?

మర్రిగూడ_బిట్
పొద్దున కంగారులో బయోస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సెట్టింగ్స్ కొట్టాను అన్నా.

దేవరకొండ_డెబ్
అదే కారణం. రివ్యూ దాకా ఆఫ్ చేసుకో. తర్వాత ఎంఓకే కీ (మిషన్ యజమాని సొంత కీ) చేసి మాడ్యూల్‌కి సంతకం పెట్టడం నేర్చుకో, సైన్-ఫైల్ అనే ప్రోగ్రామ్ హెడర్స్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఎక్కడ పెట్టాలనే ప్రశ్న ఇక్కడ కూడా ఉంది, ప్రైవేట్ కీ మాత్రం సోర్స్ ఫోల్డర్‌లో పెట్టకు. గిట్‌తో పాటు నెట్‌లోకి పోతే ఎవరైనా నీ మిషన్ నమ్మే మాడ్యూల్ తయారు చేయగలరు. రూట్ మాత్రమే చదవగలిగే చోట ఉండాలి. ఉబుంటులో డీకేఎంఎస్ తన కీని /వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే లో పెట్టుకుంటుంది, నువ్వు కూడా అదే వాడుకోవచ్చు.

మిల్లు_కాటా
తమ్ముడూ, రివ్యూ అయ్యాక ఆ పరికరం ఊళ్లో పెట్టే రోజు డీకేఎంఎస్ మర్చిపోకు. కాటా దగ్గర లారీలు ఆగితే డబ్బు నష్టం. నీ దగ్గర ఎర్ర లైటు వెలగకపోతే ఎవరో ఆ నీళ్లు తాగేస్తారు.

మర్రిగూడ_బిట్
ఆ మాట రాసి పెట్టుకుంటాను అన్నా. లోడ్ అయింది ఇప్పుడు, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్ చూపే కమాండ్) నా లైను వచ్చింది. కోడ్ హోమ్‌లో, గిట్‌లో, ఇంకో కాపీ నెట్‌లో ప్రైవేట్ రిపోలో పెట్టాను. హెడర్స్‌లో మిగిలిన పాత ఫోల్డర్ కూడా ఇప్పుడే తీసేశాను, రెండు సార్లు సరిచూసుకుని.

బోరు_బావి
పరికరం తయారయ్యాక చెప్పు. మా తోట బోరు నీళ్లు రెండు సీసాలు పట్టి, దేవరకొండ బస్సులో నల్గొండ పంపిస్తాను. మా పాలేర్ల పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నారు, ఎంత ఉందో నాకు తెలియాలి.